ఇరవై నాలుగు ఫ్లాట్ల తడి చెత్త, రోజుకో సంచి ఎండుటాకులు

మా అపార్ట్‌మెంట్‌లో తడి చెత్తను ఎరువు చేస్తున్నామని తెలిసి చూడ్డానికి వచ్చేవాళ్లు నేరుగా తొట్ల దగ్గరికి వెళ్లి వాసన చూస్తారు. కంపు లేదని తేలాక తొట్టి కొలతలు అడిగి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. పడమటి గోడ పొడవునా పేర్చిన బియ్యం సంచుల వైపు ఎవరూ చూడరు. వాటి నిండా ఎండుటాకులు. తొట్లు కట్టడం వారం పది రోజుల మేస్త్రీ పని, ఎవరైనా కట్టించుకోవచ్చు. ఆకులు దాచుకోకపోతే మాత్రం మొదటి వానాకాలంలోనే ఆ తొట్లు మూతపడతాయి. మావి మూతపడ్డాయి.

ఉండేది హైదరాబాద్‌లో. 900 గజాల్లో అయిదంతస్తులు, 24 ఫ్లాట్లు, అన్నీ డబుల్ బెడ్‌రూములే. జీహెచ్‌ఎంసీ స్వచ్ఛ ఆటో పొద్దున్నే వస్తుంది. ఆకుపచ్చ డబ్బా తడి చెత్తకు, నీలం డబ్బా పొడి చెత్తకు అని ఇంటింటికీ ఎప్పుడో ఇచ్చారు. వాటిలో ఒకటి బియ్యానికి, ఒకటి బట్టల క్లిప్పులకు వాడుకుంటున్న ఇళ్లు మా దగ్గరే నాలుగైదు ఉండేవి. రెండూ కలిపి ఆటోలో పడేస్తే చివరికి చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. మేం మొదలుపెట్టినప్పుడు అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలను తడి చెత్త లోపలే చూసుకోమన్నాయి. మా స్థలం ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఎవరి ఒత్తిడీ లేదు, వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు. పని సులువుగా లేకపోతే రెండో నెలకే మానేస్తారని తెలిసే ప్రతిదీ ముందు లెక్క చూసుకున్నాం.

మొట్టమొదట కొన్నది వేలాడదీసే డిజిటల్ కాటా, 50 కిలోలది. 14 రోజులు తడి చెత్త తూచి గేటు దగ్గర నోటుపుస్తకంలో రాయించాం. మామూలు రోజు 13 నుంచి 15 కిలోలు. ఆదివారం 19, 20. అంటే ఇంటికి సగటున 600 గ్రాములు. ఈ తూకం జనవరిలో చేశాం కాబట్టి దాన్నే పట్టుకుని తొట్లు కడితే మే నెలలో పొంగిపొర్లేవి. మామిడి టెంకలు, పుచ్చకాయ తొక్కలు, బత్తాయి పిప్పి దిగే రోజుల్లో మాకు 22 కిలోలు దాటుతుంది. తొట్టి సైజు వేసవి లెక్కకు కట్టాలి.

లెక్క ఇలా వేశాం. 14 కిలోల తడి చెత్త దాదాపు 30 లీటర్ల చోటు పడుతుంది. దానికి కలిపే ఎండుటాకులు ఇంకో 30, 35 లీటర్లు. కుప్ప వారం తిరిగేసరికి బాగా అణుగుతుంది, మూడు వారాల్లో సగానికి వస్తుంది. 4 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు, 3 అడుగుల ఎత్తు తొట్టి అంటే 36 ఘనపుటడుగులు, సుమారు వెయ్యి లీటర్లు. అది మాకు మామూలు రోజుల్లో 22 నుంచి 25 రోజులకు నిండుతుంది. ఒకటి నిండేలోపు ఒకటి ఉడుకుతూ, ఒకటి మాగుతూ ఉండాలి కాబట్టి మూడు తొట్లు. ఇంతకంటే చిన్నది కట్టకూడదు. కుప్ప మూడడుగుల మందం ఉంటేనే లోపలి వేడి నిలుస్తుంది. బాల్కనీలో పెట్టుకునే కుండల్లో వేడి పుట్టదు, అక్కడ పని నెమ్మదిగా చల్లగా జరుగుతుంది. అది వేరే పద్ధతి.

చోటు విషయంలో వారం రోజులు వాదన నడిచింది. ఈశాన్యం ఖాళీగా ఉంది కానీ అక్కడ చెత్త పెట్టనివ్వరు. వాస్తు పక్కన పెట్టినా అది సరైన చోటు కాదు. సంపు, బోరు ఉన్నది అక్కడే. తొట్టి నుంచి కారే నీళ్లు సంపు గోడల దగ్గరికి రాకూడదు. వానాకాలంలో మనకు గాలి పడమర, నైరుతి వైపు నుంచి వీస్తుంది కాబట్టి తొట్లు భవనానికి తూర్పున ఉంటే ఏదన్నా వాసన వచ్చినా మన మీదికి రాదు. చివరికి ఆగ్నేయ మూల ఖాయమైంది. పక్క అపార్ట్‌మెంట్ కిటికీలు అటు లేవని చూసుకున్నాకే.

కింద 4 అంగుళాల కాంక్రీటు బెడ్డు తప్పనిసరి. మట్టి నేల మీద తొట్టి కడితే నీళ్లు ఇంకుతాయని, వానపాములు వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. ఊళ్లో అయితే సరే. ఇక్కడ వానపాముల కంటే ముందు పందికొక్కులు వస్తాయి. కింది నుంచి బొరియ తవ్వి, రాత్రికి రాత్రి కుప్పను తొలిచేస్తాయి. బెడ్డును ముందుకు రెండడుగులు అదనంగా వేయించి, 4 అడుగులకు ఒక అంగుళం చొప్పున ముందు వైపుకు వాలు ఇప్పించాం. ఆ వాలు చివర చిన్న కాలువ, దాని కొసన 20 లీటర్ల బకెట్ పట్టే గుంట. గోడలు జాలీ కట్టుబడి. ఇటుకకూ ఇటుకకూ మధ్య రెండంగుళాల సందు వదిలి కట్టమంటే మేస్త్రీకి నచ్చలేదు. "గోడ కట్టినట్టు ఉండదు సార్, దడి కట్టినట్టు ఉంటది" అన్నాడు. కావాల్సింది అదే. గాలి పక్క నుంచి దూరాలి. లోపలి వైపు అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ బిగించాం, ఎలుకలకు. వెనక గోడ, అడ్డగోడలు నాలుగూ కలిపి 72 చదరపుటడుగులు. 250 ఇటుకలు పట్టాయి, విరిగేవాటితో కలిపి 280 తెప్పించాం. సిమెంటు 6 బస్తాలు. ముందు వైపు గోడ లేదు. ఇనుప ఛానెల్‌లో పైనుంచి దించే చెక్క పలకలు, ఒక్కోటి 6 అంగుళాల వెడల్పు, తొట్టికి ఆరు. కుప్ప పెరిగేకొద్దీ ఒక్కో పలక దించుతాం, ఖాళీ చేసేటప్పుడు తీసేస్తాం. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మూడడుగుల గోడ మీంచి వంగి ఎరువు తోడాల్సి వస్తుంది, ఆ పని ఏ మనిషీ రెండోసారి చేయడు. పైన రేకు, అన్ని వైపులా అడుగున్నర బయటికి. మేం మొదట అడుగే వదిలాం. జులైలో ఏటవాలు జల్లు నేరుగా మొదటి తొట్టిలో పడింది. తర్వాత టార్పాలిన్ తెర కట్టాల్సి వచ్చింది.

మొత్తం ఖర్చు 40 వేల లోపు, ఫ్లాటుకు 1,600 చొప్పున వసూలు చేశాం. నెల ఖర్చు వాచ్‌మెన్ దంపతులకు ఈ పనికి అదనంగా ఇచ్చే 2,500. ఆ డబ్బు ఎగ్గొట్టి, మెయింటెనెన్స్ జీతంలోనే ఈ పని కూడా చేయమని అడిగే అసోసియేషన్లు ఉన్నాయి. అక్కడ ఎరువు తయారవదు. ఎందుకు తయారవ్వాలి?

తొట్లు కట్టడం కంటే చెత్త విడదీయించడానికి ఎక్కువ రోజులు పట్టింది. ఒకే ఒక్క నియమం పెట్టాం: తడి చెత్త కవర్లో కట్టి ఇవ్వకూడదు, డబ్బాలో నేరుగా తేవాలి. కవర్ ఉంటే లోపల ఏముందో కనబడదు. డబ్బా వంచితే పెరుగు ప్యాకెట్టు, షాంపూ సాచెట్టు, రబ్బర్ బ్యాండు అన్నీ కళ్లెదుటే పడతాయి. అడుగున పాత న్యూస్‌పేపర్ ఒక మడత వేసుకుంటే డబ్బా జిడ్డవదు, ఆ పేపరు కూడా ఎరువులో కలిసిపోతుంది. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి మూడో డబ్బాలో వేయాలి. వాట్సాప్ గ్రూపులో ఎన్ని పోస్టర్లు పెట్టినా మారని వాళ్లు, వాచ్‌మెన్ భార్య రోజూ పొద్దున "అమ్మా, మళ్ల కవర్ వచ్చింది" అని డబ్బా తిరిగి గుమ్మం ముందు పెట్టడం మొదలుపెట్టాక రెండు వారాల్లో మారారు. డబ్బాకు ఫ్లాటు నంబరు రాసి ఉండడం ఇక్కడ ముఖ్యం.

ఏవి వేయొచ్చు అన్న పట్టికలు అందరి దగ్గరా ఉంటాయి. అవి చెప్పని తెలుగు వంటింటి సంగతులు కొన్ని. మిగిలిన అన్నం గడ్డగా వేస్తే ఆ గడ్డ మధ్యకు గాలి ఆడదు, రెండు రోజుల్లో పుల్లటి కంపు. చేత్తో విడదీసి ఆకుల్లో కలపాలి. సాంబారు, చారు వంపేసి ముక్కలే వేయాలి. చింతపండు పిప్పి కొద్దిగా ఉంటే పర్లేదు. కోడి, చేప వ్యర్థాలు ఆదివారం రెండు మూడు కిలోలు వస్తాయి. వాటిని కుప్ప నడిమధ్యలో, ఒక అడుగు లోతున, ఎక్కువ ఆకుల మధ్య పూడిస్తే వేడికి కరిగిపోతాయి. పైన వదిలితే పిల్లులు, కాకులు. బొమికలు కరగవు, జల్లెడలో మిగులుతాయి. మామిడి టెంకలూ అంతే, మూడు విడతలు తిరిగితే గానీ మెత్తబడవు. కొబ్బరి చిప్పలు అసలు వద్దు. పచ్చళ్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కొత్త ఆవకాయ పెట్టే ముందు పాత జాడీలు ఖాళీ చేస్తారు. ఒకసారి ఒకే రోజు మూడు ఇళ్ల నుంచి ఏడెనిమిది కిలోల పాత ఆవకాయ వచ్చి పడింది. ఆ ఉప్పూ నూనే కలిసి కుప్పలో ఆ భాగం నెల రోజులు అలాగే ఉండిపోయింది, వేడి లేదు, పురుగూ ముట్టలేదు. ఎరువులో ఉప్పు చేరితే మొక్కల ఆకు అంచులు మాడతాయి. అప్పటినుంచి పచ్చడి నిషేధం.

రోజు పని ముప్పై, నలభై నిమిషాలు. తొట్టి మొదలుపెట్టే రోజు అడుగున ఆరంగుళాల మందం వేలంత లావు పుల్లలు, కొబ్బరి పీచు పరుస్తాం. దాని మీద ఒక సంచి ఆకులు. మొట్టమొదటి తొట్టికి మాత్రం 10 కిలోల పచ్చి పేడ, రెండు లీటర్ల పుల్లటి మజ్జిగ, గుప్పెడు బెల్లం నీళ్లలో కలిపి చల్లాం. డబ్బాల్లో అమ్మే కల్చర్ (సూక్ష్మజీవుల) పొడులు కొనమని చాలామంది చెప్పారు. రెండో విడత నుంచి మా తొట్టిలో సగం మాగిన ఎరువే ఒక తట్టెడు తీసి కొత్త దాంట్లో కలుపుతున్నాం, అంతకుమించి అవసరం పడలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలన్నీ వచ్చాక చెత్తను బెడ్డు మీద కుమ్మరించి, క్యాబేజీ మొదళ్లు, అరటి దవ్వ, మొక్కజొన్న కండెలు కొడవలితో నాలుగు ముక్కలు చేస్తారు. అక్కడే ఒక సంచి ఆకులు దాని మీద పోసి, పారతో రెండుసార్లు తిప్పి, అప్పుడు తొట్టిలోకి. పొరలు పొరలుగా వేయమని చెప్పే పద్ధతి మాకు కుదరలేదు. పొరలు వేస్తే తడి పొర పేస్టులా అతుక్కుని మధ్యలో కుళ్లుతుంది. ముందే కలిపి వేయడమే మేలు. పైన చివరగా రెండంగుళాల ఉత్త ఆకులు. పై నుంచి చూస్తే తడి చెత్త ముక్క ఒక్కటీ కనబడకూడదు. ఈగలకు అసలైన మూత ఆ రెండంగుళాలే.

సంచి ఆకులు అంటే ఎంత? 25 కిలోల బియ్యం సంచిలో నలిపిన ఆకులు కుక్కితే సుమారు 4 కిలోలు. 14 కిలోల తడి చెత్తకు 4 నుంచి నాలుగున్నర కిలోలు పడాలి. వంటింటి తడి చెత్తలో నాలుగింట మూడొంతులు నీళ్లే, నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25, 30 వంతుల కర్బనం ఉండాలి. ఆ లోటు తీర్చేవీ, ఆ నీళ్లు పీల్చేవీ, కుప్పలో గాలి సందులు నిలిపేవీ ఆకులే. ఈ పాళ్లలో కలిపితే తడి 60 శాతం దగ్గర నిలుస్తుంది. కొలవడానికి మీటర్లు అక్కర్లేదు. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. ధారగా కారితే ఆకులు తక్కువ. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే ఒక చెంబు నీళ్లు కావాలి, ఏప్రిల్, మే నెలల్లో అలా అవుతుంది.

వేడి చూడ్డానికి 4 అడుగుల 8 ఎంఎం ఇనుప రాడ్డు కుప్ప మధ్యకు గుచ్చి వదిలేస్తాం. పది నిమిషాల తర్వాత లాగి లోపలి కొసను పట్టుకుంటే, చెయ్యి రెండు మూడు సెకన్లకు మించి నిలవకపోతే 55 డిగ్రీలు దాటినట్టు. నాలుగో రోజుకే అలా అయింది. 55 నుంచి 65 మధ్య కనీసం మూడు రోజులు ఉంటే టమాటా, మిరప గింజలు, రోగకారక క్రిములు చస్తాయి. అయితే ఆ వేడి ఉండేది నడి భాగంలోనే, అంచుల్లో ఉండదు. అందుకే తొట్టి నిండాక వారానికోసారి ఫోర్కుతో తిరగేసి, అంచులది మధ్యకు, మధ్యది అంచుకు వేస్తాం. పొద్దున చల్లటి వేళ తిప్పితే తెల్లటి ఆవిరి లేస్తుంది. మొదటిసారి అది చూసి నిప్పు అంటుకుందని మూడో అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది.

ఇక మొదటి ఏడాది ఆగస్టు. ఫిబ్రవరి, మార్చిలో ఆకులు రాలినప్పుడు మా దగ్గర తొట్లు ఇంకా సిద్ధం కాలేదు, ఏప్రిల్లో మొదలుపెట్టాం. రోడ్డు మీద ఏ రోజు ఆకు ఆ రోజు దొరికేది కాబట్టి దాచాలన్న ఆలోచనే రాలేదు. జూన్ రెండో వారంలో వానలు పడగానే దొరికే ఆకంతా తడిసిపోయింది. తడి చెత్తకు తడి ఆకులు కలిపాం. తర్వాత కోత మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చాం. అది మరీ మెత్తటి పొడి, తడి తగలగానే పిండిలా ముద్దయింది. ఆగస్టుకు కుప్ప అడుగున నల్లటి బురద, బకెట్టు రోజూ నిండేంత ఊట, కుళ్లిన గుడ్డు కంపు. ఈ వాసనకు అర్థం ఒకటే: గాలి ఆడటం లేదు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు కిటికీలు మూసుకున్నారు. మూడు తొట్లూ ఆపేసి చెత్త మళ్లీ ఆటోకు ఇచ్చాం. నర్సరీ నుంచి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు, అయిదు కిలోలవి, ఎనిమిది తెచ్చాం. ఆ ఇటుకను నీళ్లలో నానబెడితే చక్కగా విచ్చుకుంటుంది, కానీ మనకు కావాల్సింది పొడిది. సుత్తితో కొట్టి పొడి చేయడానికి ఇద్దరికి ఒక పూట పట్టింది. విడి కోకోపీట్ దొరికితే ఇటుక జోలికి పోవద్దు. కుప్పంతా బయటికి తీసి, అది కలిపి, మళ్లీ నింపితే పది రోజుల్లో వాసన పోయింది.

అమ్మోనియా వాసన వేరు, కళ్లు చురుక్కుమంటాయి. అది నత్రజని ఎక్కువైనప్పుడు, ఎక్కువగా ఆదివారం మాంసం తర్వాత. ఇంకో అర సంచి ఆకులు కలిపితే సరి. పుల్లటి వాసనకు తిప్పి, ఒక గుప్పెడు కట్టెల బూడిద. తెల్లటి బూజు దారాలు కనబడితే ఏమీ చేయనక్కర్లేదు, పని బాగా జరుగుతోందని అర్థం.

పురుగుల మీద ఎక్కువ గొడవ జరిగింది. వానాకాలంలో ఒక రాత్రి తొట్టి గోడల మీద వేలి గోరంత పొడవు, చప్పటి, గోధుమరంగు పురుగులు వందల్లో పాకుతూ బయటికి వచ్చాయి. "సార్, పురుగులు నడుస్తున్నయ్" అని వాచ్‌మెన్ రాత్రి పదిన్నరకు తలుపు కొట్టాడు. ఇంట్లో ఈగల పురుగు తెల్లగా, సన్నగా, ఒక కొస మొనదేలి ఉంటుంది. ఇవి అవి కావు, బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. చెత్త ఎరువుగా మారే వేగం కంటే త్వరగా దాన్ని తినేస్తాయి, ఇవి ఉన్న చోట ఇంటి ఈగలు అంతగా గుడ్లు పెట్టవు. ఎదిగిన ఈగ అన్నం మీద వాలదు, దానికి తినే పనే దాదాపు ఉండదు. పురుగు ముదిరాక పొడిచోటు వెతుక్కుంటూ బయటికి పాకడం వల్లే ఈ ఊరేగింపు. అవి రావడం తప్పు కాదు, అన్ని రావడం మాత్రం కుప్ప మరీ తడిగా ఉందనడానికి గుర్తు. పైన ఆకుల పొర మూడంగుళాలు చేశాం, ముందు కాలువలో ఒక వరస పొడి కోకోపీట్ పోశాం. పాకేవన్నీ అందులో ఆగిపోయాయి. పొద్దున కాకులు, గోరింకలు వచ్చి ఏరుకున్నాయి.

రెండో ఏడాది పని ఆకులతోనే మొదలైంది. మా వీధిలో కానుగ, వేప, పచ్చ తురాయి ఉన్నాయి. కానుగ, వేప ఫిబ్రవరి నుంచి మార్చి దాకా రాలుస్తాయి. మా లెక్కలో కానుగ ఆకే మేలు: పలచన, ఎండితే పెళపెళలాడుతుంది, రెండు నెలల్లో ఆనవాలు ఉండదు. పచ్చ తురాయి ఆకు మరీ సన్నం, ఒక్కటే వేస్తే చాపలా అతుక్కుంటుంది, కలిపి వేయాలి. బాదం, మామిడి, రావి మందం, నలపకపోతే ఆర్నెల్లు పడుతుంది. కాంపౌండ్ గోడల పక్కన వేసే అశోక చెట్ల ఆకుకు మైనం పూత, అదీ నలిపితేనే. నీలగిరి వద్దు.

వీధి ఊడ్చే వాళ్లు ఆకులు కుప్ప చేసే వేళ ఆరున్నర. అప్పటికి ఖాళీ సంచులు వాళ్ల చేతికి అందాలి. ఆలస్యమైతే ఆ కుప్పలో టీ కప్పులు, గుట్కా సాచెట్లు, సీసా పెంకులు కలుస్తాయి, లేదా ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. సంచికి పది రూపాయలు ఇస్తాం. ఖాళీ సంచులకు కొదవ లేదు, 24 ఇళ్లలో నెలకు ఇరవై దాకా బియ్యం సంచులు ఖాళీ అవుతాయి. తెచ్చిన ఆకులు పార్కింగ్‌లో ఎండ పడే చోట రెండు రోజులు పరుస్తాం. మధ్యాహ్నం మూడింటికి, బాగా పెళుసుగా ఉన్నప్పుడు, టార్పాలిన్ మడత మధ్య వేసి కారు నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ నడిపితే మూడు సంచుల ఆకు ఒక సంచిలో పడుతుంది. చిన్న పిల్లలకు అప్పజెప్పినా తొక్కుతారు గానీ తర్వాత మెట్లన్నీ ఊడ్చుకోవాలి.

జులై నుంచి జనవరి దాకా ఏడు నెలలు, 215 రోజులు. జల్లెడలో మిగిలిన ముతక తిరిగి వేయడం వల్ల రోజుకు ముప్పాతిక సంచి చాలుతోంది. అంటే 160 సంచులు. అవి 24 అడుగుల గోడ పొడవునా అయిదడుగుల ఎత్తు వచ్చాయి. మొదట జనరేటర్ పక్కన పేర్చాం. డీజిల్ పక్కన ఎండుటాకులేంటని సర్వీసుకు వచ్చిన మెకానిక్ మందలించాక పడమటి గోడకు మార్చాం, అక్కడ సిగరెట్ తాగొద్దని బోర్డు పెట్టాం. కింద ఇటుకల మీద చెక్కలు, పైన టార్పాలిన్. నేల మీద నేరుగా పెడితే కింది వరస చెమ్మ పీలుస్తుంది, ఎలుకలు గూళ్లు పెడతాయి. తక్కువ పడితే వడ్రంగి దుకాణంలో చిత్రిక పట్టినప్పుడు రాలే చెక్క చుట్టలు తెచ్చుకోవచ్చు, మిల్లు పొడి లాగా ముద్దవవు. కాకపోతే ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసే చోటు నుంచి తేకూడదు, దాన్నిండా జిగురే.

పండగలకు విడిగా సిద్ధపడాలి. వినాయక చవితి మర్నాడు ఒక్కసారే ముప్పై, నలభై కిలోల పత్రి, పూలు, అరటి పిలకలు వస్తాయి. పత్రి పచ్చిది కాబట్టి తడి చెత్త లెక్కలోకే వస్తుంది, ఆకే కదా అని ఎండుటాకు బదులు వేస్తే కంపు కొడుతుంది. మేం దాన్ని పార్కింగ్‌లో మూడు రోజులు వాడబెట్టి తర్వాత కొంచెం కొంచెం కలుపుతాం. దండల్లో దారం నూలుదైతే పర్లేదు, మెరుపు దారం, జరీ కాగితం ఏరేయాలి. బతుకమ్మ అప్పుడు తంగేడు, గునుగు మిగులు వస్తుంది. గునుగు కాడలు ఎండితే ఆకులతో సమానం, అవి మాకు లాభమే.

తొట్టి నిండిన 45 రోజులకు కుప్ప నల్లబడి, వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది. అప్పుడే వాడకూడదు. నీడలో మూడు వారాలు మాగాక, అరంగుళం కన్నాల జల్లెడలో ఒకసారి, ఇసుక జల్లెడలో ఒకసారి పడతాం. మాగిందా లేదా అని తేల్చేది మెంతులు. రెండు పెరుగు డబ్బాల్లో, ఒకదాంట్లో ఉత్త ఎర్రమట్టి, ఇంకోదాంట్లో మట్టి, ఎరువు సగం సగం పోసి, 20 మెంతి గింజల చొప్పున చల్లుతాం. అయిదు రోజుల్లో ఎరువు డబ్బాలో 16కు తగ్గకుండా మొలిస్తే సంచుల్లోకి ఎత్తుతాం. 10, 11 దగ్గర ఆగితే ఇంకో రెండు వారాలు మాగబెడతాం. ఒకసారి మొలకలన్నీ వచ్చి అంచులు మాడాయి. అది ఉప్పు, ఆవకాయ విడత. ఆ ఎరువును సంచుల్లో పోసి అడుగున కన్నాలు చేసి, రెండు వానలకు తడవనిచ్చాం. ఆ తర్వాత గింజలు బాగానే మొలిచాయి.

నెలకు 90 నుంచి 110 కిలోలు వస్తోంది. ఇంటికి 3 కిలోలు ఇచ్చినా మిగులుతుంది. కుండీ నిండా ఎరువే పోసుకున్న వాళ్ల మొక్కలు చచ్చాయి. రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు ఎరువు, ఒక వంతు కోకోపీట్, అంతే. మిగిలింది వీధి కానుగ చెట్ల మొదళ్లలో వేస్తున్నాం, చెట్టుకు ఆర్నెల్లకోసారి రెండు తట్టలు.

ఈ ఏడాది మార్చి ఆఖరుకు గోడ దగ్గర 171 సంచులు లెక్క తేలాయి. కారిడార్ ఇరుకైందని రెండు స్కూటర్ల వాళ్లు అసోసియేషన్‌కు కాగితం రాశారు, మీటింగ్ వచ్చే ఆదివారం.